నుదుటి రాత కాదు, తెలిసినవారి బాధ్యత

పసిబిడ్డ పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు మనం అనే మాటలు కొన్నే ఉంటాయి. "వాడికి అంతవరకే రాసి ఉంది." "ఋణం తీరిపోయింది." లోపల ఈ మాటలు అని, వాకిలి దాటాక గొంతు తగ్గించి ఇంకో మాట అంటాం. "తల్లి సరిగా చూసుకోలేదట." "విరేచనాలవుతుంటే రెండు రోజులు ఊరుకున్నారట." ఇంట్లో ఉన్నంతసేపూ తప్పు తలరాతది, వీధిలోకి వచ్చాక తల్లిది. ఈ రెండింటి మధ్య మనం అడగకుండా వదిలేసే ప్రశ్న ఒకటుంది. ఆ బిడ్డను బతికించే ఉపాయం అప్పటికే ఎవరికి తెలుసు? తెలిసినవారి దగ్గర నుంచి అది ఆ ఇంటిదాకా ఎందుకు రాలేదు?

ఇది వైద్యులు తేల్చుకోవలసిన విషయం అనిపించవచ్చు. మేము దీన్ని మొదట నీతికి సంబంధించిన ప్రశ్నగానే చూస్తున్నాం. ఐక్యరాజ్య సమితి సంస్థల అంచనా ప్రకారం 2022లో ప్రపంచమంతటా అయిదేళ్లు నిండకుండానే చనిపోయిన పిల్లలు సుమారు 49 లక్షల మంది. వారిలో దాదాపు 23 లక్షల మంది పుట్టిన నెలలోపే పోయారు. నైజర్, చాద్, సోమాలియా వంటి దేశాల్లో పుట్టిన ప్రతి 1000 మందిలో 100 మందికి పైగా అయిదో పుట్టినరోజు చూడరు. జపాన్‌లో ఆ సంఖ్య 3 కన్నా తక్కువ. జపాన్ పిల్లల నుదుట బ్రహ్మ వేరే కలంతో రాశాడని ఎవరూ అనరు. తాగే నీరు, తల్లి తినే తిండి, కాన్పు జరిగే చోటు, టీకా, వేళకు దొరికే నర్సు, వీటిలోనే ఆ తేడా అంతా ఉంది. తేడాకు కారణాలు మనిషి చేతిలో ఉన్నప్పుడు, దాన్ని రాత అనడం అబద్ధం చెప్పడమే.

అనిత్యం: ఎవరు ఎవరితో అనవలసిన మాట?

కిసాగోతమి కథ మనందరికీ తెలిసిందే. చనిపోయిన బిడ్డను చంకనేసుకుని మందు కోసం ఇల్లిల్లూ తిరిగిన ఆ తల్లిని, చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. ఆ మాట ఎప్పుడు, ఎవరితో అన్నాడో గమనించాలి. బిడ్డ పోయాక, దుఃఖంతో మతి చెదిరిన తల్లితో అన్నాడు. బిడ్డ జబ్బుగా ఉండగా ఇరుగుపొరుగుతో అనలేదు. ఊరి బావిని బాగు చేయించవలసిన అధికారితో అనలేదు. అన్నీ అనిత్యమేనన్న మాట తల్లికి చెబితే ఓదార్పు. ఆస్పత్రి నడపవలసినవాడు చెబితే సాకు. మాట ఒక్కటే, పలికే నోటిని బట్టి దాని నీతి మారుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. చావు ఎరగని ఇల్లు ఈనాటికీ లేదు, ఎప్పటికీ ఉండదు. కానీ బిడ్డ చావు ఎరగని ఇళ్లు ఊళ్లకు ఊళ్లే ఉన్న దేశాలు ఇప్పుడున్నాయి. తాత పోవడం, మనవడు పోవడం రెండూ మరణాలే అయినా ఒకే గాటన కట్టలేం.

సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు ఇదే ప్రశ్నను ఇంకోలా అడుగుతాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనా అని. బుద్ధుడు ఒప్పుకోడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు, సంరక్షణలో లోపం వంటి కారణాలను వేరువేరుగా లెక్కపెట్టి చెబుతాడు. అన్నిటినీ పూర్వకర్మ ఖాతాలో వేసేవారు లోకానికి తెలిసిన నిజాన్ని దాటిపోతున్నారంటాడు. పసిబిడ్డల మరణం విషయంలో మనం చేయవలసింది కూడా ఇదే. ఒక్కో కారణాన్నీ దాని పేరు పెట్టి పిలవాలి.

ఉప్పు, బెల్లం, నీళ్లు

కారణానికి పేరు పెడితే ఏం జరుగుతుందో చూడటానికి మన పొరుగునే ఉన్న బంగ్లాదేశ్ కథ చాలు. 1970ల మొదట్లో అక్కడ పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో 200 మందికి పైగా అయిదేళ్లలోపే పోయేవారు. ఇప్పుడు ఆ సంఖ్య 30కి అటూ ఇటూగా ఉంది. ఈ మార్పులో ఎక్కువ భాగం ఆ దేశం పేదదిగా ఉండగానే జరిగింది. ప్రపంచ బ్యాంకు లెక్కలో బంగ్లాదేశ్ తక్కువ ఆదాయ దేశాల జాబితా నుంచి బయటపడింది 2015లోనే. టీకాలు, కుటుంబ నియంత్రణ, ఆడపిల్లల చదువు వంటివి ఎన్నో దీనికి తోడ్పడ్డాయి. వాటిలో ఒకదాన్ని మాత్రం ఇక్కడ వివరంగా చూద్దాం.

విరేచనాలతో బిడ్డ చనిపోయేది సాధారణంగా ఒంట్లోని నీరు, లవణాలు పోవడం వల్ల. పసివాళ్ల ఒంట్లో నిల్వ తక్కువ. కొన్ని గంటల్లోనే కళ్లు లోతుకు పోతాయి, నడినెత్తిన మాడు గుంట పడుతుంది, ఏడ్చినా కన్నీరు రాదు. రక్తనాళంలోకి సెలైన్ ఎక్కించడమే దీనికి మందు అని వైద్య శాస్త్రం చాలాకాలం నమ్మింది. ఆస్పత్రి లేని ఊళ్లో ఆ నమ్మకం మరణశిక్షతో సమానం. కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ 1953లోనే కలరా రోగులకు నోటి ద్వారా ద్రావణం పట్టిన ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. పెద్దగా పట్టించుకున్నవారు లేరు. ఆ తర్వాత అసలు రహస్యం తెలిసింది. జబ్బు పడిన పేగు ఉప్పును ఒంటరిగా పీల్చుకోలేకపోయినా, గ్లూకోజ్ తోడుంటే పీల్చుకుంటుంది, వాటి వెంట నీరూ లోపలికి వెళ్తుంది. 1968లో ఢాకాలోని కలరా పరిశోధనాలయంలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ రోగుల మీద దీన్ని నిరూపించారు.

1971లో యుద్ధం వచ్చింది. సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్‌లోని బొన్‌గావ్ నిండిపోయింది. కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి, ఎక్కించే చేతులూ చాలలేదు. దిలీప్ మహలనబిస్ అనే పిల్లల వైద్యుడు ఉప్పు, గ్లూకోజ్, వంట సోడా కలిపిన పొట్లాలను నీళ్లలో కలిపించి, రోగుల పక్కన ఉన్న తల్లులకు, బంధువులకు గ్లాసులు ఇచ్చి తాగించమన్నాడు. శిబిరాల్లో నూటికి 30 దాకా ఉన్న మరణాలు ఆయన చూసిన రోగుల్లో 4 లోపుకు దిగాయి. మందు పట్టిన చేతులు ఎక్కువగా ఇంటివాళ్లవే. అయినా చాలామంది వైద్యులు వెంటనే నమ్మలేదు. ఇంత చవకది, ఇంత తేలికది, చదువులేని తల్లి చేతుల మీదుగా నడిచేది వైద్యం ఎలా అవుతుందన్నది వారి సందేహం. 1978 నాటికి లాన్సెట్ పత్రికే దీన్ని బహుశా ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి అని సంపాదకీయంలో గుర్తించింది.

ఛటర్జీ వ్యాసం వచ్చి అప్పటికి 25 ఏళ్లు. ఆ 25 ఏళ్లలో విరేచనాలతో పోయిన పిల్లలందరికీ నుదుటి రాత ఒకేసారి మారిపోయిందా? మారింది పెద్దల వినికిడి.

నేర్పినవారి పరీక్ష

తెలియడం వేరు, ఇంటికి చేరడం వేరు. ఫజలే హసన్ ఆబెద్ స్థాపించిన బ్రాక్ సంస్థ 1979లో సిల్హెట్ ప్రాంతంలోని సుల్లాలో ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. పొట్లాలు ఊరూరా చేరే దారి లేదు కాబట్టి, ఇంట్లో ఉండే వాటితోనే చేయాలి. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. ఊరి స్త్రీలను ఎంచుకుని శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. వాళ్లు వెళ్లి తల్లుల ఎదుట కూర్చుని కలిపి చూపించేవారు, తర్వాత తల్లి చేతే కలిపించేవారు. గుర్తుంచుకోవలసిన పది మాటలు చెప్పి, మళ్లీ చెప్పించుకునేవారు. అర సేరు ఎంతో తెలియడానికి ఆ ఇంటి గిన్నె మీదే గీత గీసేవారు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం కాబట్టి, తల్లులు కలిపిన ద్రావణాలను పరీక్షశాలకు పంపి చూశారు.

ఈ పథకంలో మమ్మల్ని అన్నిటికన్నా ఆలోచింపజేసింది జీతం లెక్క. కార్యకర్త ఎన్ని ఇళ్లు తిరిగిందన్నదాన్ని బట్టి డబ్బు ఇవ్వలేదు. కొన్ని వారాల తర్వాత వేరేవాళ్లు వచ్చి కొన్ని ఇళ్లను ఎంచి తల్లులను అడిగేవారు. ఎన్ని మాటలు గుర్తున్నాయి, ద్రావణం సరిగా కలపగలుగుతున్నారా అన్నదాన్ని బట్టి నేర్పిన ఆమెకు డబ్బు. తల్లి మరిచిపోతే మార్కులు తగ్గేవి తల్లికి కాదు, నేర్పినవారికి. "ఎంత చెప్పినా వీళ్లకు ఎక్కదు" అనే మాటకు అక్కడ తావు లేకుండా పోయింది.

అలాగని కథ సాఫీగా నడవలేదు. తల్లులకు మాటలన్నీ గుర్తున్నా, బిడ్డకు విరేచనాలైనప్పుడు ద్రావణం వాడేవారు తక్కువని తేలింది. ఎందుకని ఆరా తీస్తే, కొందరు కార్యకర్తలకే దాని మీద నమ్మకం లేదు. తమకు జబ్బు చేస్తే వేరే మందు వేసుకునేవారు. ఇంట్లో నిర్ణయం చేసే మగవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అప్పుడు కార్యకర్తలకు మళ్లీ శిక్షణ ఇచ్చారు, బజార్లలో, మసీదుల్లో, బడుల్లో మగవాళ్లతో మాట్లాడారు. పని సాగకపోతే తప్పు తల్లిలో వెతకకుండా పథకంలో వెతికారు. 1990 నాటికి కోటీ 20 లక్షలకు పైగా ఇళ్లు తిరిగారు.

అదే బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతం నుంచి 1981లో వచ్చిన ఒక అధ్యయనం ఇంకో చేదు నిజం చెప్పింది. విరేచనాలు మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఇంచుమించు సమానంగానే వస్తున్నాయి. చికిత్స ఉచితం. అయినా ఆస్పత్రికి తెచ్చింది మగపిల్లలనే ఎక్కువ. పోయింది ఆడపిల్లలే ఎక్కువ. రాత అనే మాట ఎవరి విషయంలో త్వరగా నోటికొస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది. ఎవరి ప్రాణానికి మనం ముందే తక్కువ ధర కట్టామో, వారి విషయంలోనే విధి బలంగా కనిపిస్తుంది.

తల్లి మీద నింద

ఇక రెండో మాటకు వద్దాం. తల్లి సరిగా చూసుకోలేదన్న మాట.

1930ల్లో ఇప్పటి ఘనాలో పనిచేసిన వైద్యురాలు సిసిలీ విలియమ్స్, ఒళ్లు ఉబ్బి, జుట్టు రంగు మారి, చర్మం పొరలు ఊడే పిల్లల జబ్బును అక్కడి గా భాషలో ఉన్న పేరుతోనే ప్రపంచానికి పరిచయం చేసింది. అదే క్వాషియోర్కోర్. తర్వాతి బిడ్డ పుట్టడంతో తల్లి పాలకు దూరమైన బిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. ఆ ఊరి తల్లులకు కారణం తెలుసు. పేరులోనే చెప్పుకున్నారు. వారికి లేనిది పాలు మాన్పించాక పెట్టడానికి తగిన తిండి.

దీనికి హైదరాబాద్‌తోనూ ఒక సంబంధం ఉంది. పేదపిల్లల తిండిలో లోపమంతా మాంసకృత్తులదేనని, వాటికోసం ప్రత్యేకమైన పొడులు, బిస్కెట్లు తయారుచేయాలని ప్రపంచమంతా అనుకుంటున్న రోజుల్లో, సి. గోపాలన్ నాయకత్వంలోని జాతీయ పోషకాహార సంస్థ మన దక్షిణాది పిల్లల తిండిని కొలిచి చూసింది. ముఖ్యమైన లోటు మాంసకృత్తులది కాదు, మొత్తం తిండిదేనని చెప్పింది. అంటే ఆ తల్లి తప్పు తిండి పెట్టలేదు. ఉన్నది పెట్టింది, అది చాలలేదు. మొదటి మాట నిజమైతే తల్లికి పాఠం చెప్పి పంపవచ్చు. రెండోది నిజమైతే కూలి రేటు గురించి, రేషన్ గురించి మాట్లాడాలి. చాలామందికి పాఠం చెప్పడమే తేలిక.

పోతపాల చరిత్ర ఈ నిందను ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. సింగపూర్‌లో డబ్బాపాలతో పిల్లలు చనిపోవడం కళ్లారా చూసిన సిసిలీ విలియమ్స్, 1939లో అక్కడి రోటరీ క్లబ్ సభలో దీన్ని హత్యతో పోల్చి మాట్లాడింది. తర్వాతి దశాబ్దాల్లో పేద దేశాల కాన్పు వార్డుల్లో కంపెనీలు ఉచిత డబ్బాలు పంచాయి. నర్సుల్లా దుస్తులు వేసుకున్న స్త్రీలు వచ్చి పొడిపాల గొప్ప చెప్పేవారు. ఉచిత డబ్బా అయిపోయేసరికి తల్లికి పాలు తగ్గిపోయేవి, ఎందుకంటే బిడ్డ చప్పరించకపోతే రొమ్ములో పాలు ఊరవు. ఆపై డబ్బా కొనాలి. కొనలేక పొడి తగ్గించి నీళ్లు ఎక్కువ పోసేది. ఆ నీళ్లు శుభ్రమైనవి కావు, సీసా మరిగించడానికి కట్టెలు చాలవు. బిడ్డకు ఒక పక్క విరేచనాలు, ఇంకో పక్క ఆకలి. అప్పుడు అమ్మేవారు చెప్పిన సమాధానం ఒకటే. మా సరుకు మంచిదే, తల్లులు కలపడం తప్పుగా కలిపారు అని.

ఈ సమాధానాన్ని సుల్లా జీతం లెక్క పక్కన పెట్టి చూడండి. రెండు చోట్లా ఉన్నది చదువులేని పేదతల్లి, ఒక గిన్నె, ఒక కొలత. ఒకరు తల్లి కలపగలిగిందా లేదా అన్నది తమకు పరీక్షగా పెట్టుకున్నారు. ఇంకొకరు కలపలేకపోవడాన్ని ఆమె నేరంగా చూపించారు. నీతిలో తేడా ఇదే. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ పోతపాల అమ్మకపు పద్ధతులకు హద్దులు పెడుతూ నియమావళి తెచ్చినప్పుడు 118 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, అమెరికా ఒక్కటే వ్యతిరేకించింది. మన దేశం 1992లో చట్టమే చేసింది. తల్లిపాలు ఇవ్వలేని తల్లిని నిందించడానికి ఆ చట్టం రాలేదు. ఆమె అయోమయాన్ని సొమ్ము చేసుకునేవారిని ఆపడానికి వచ్చింది.

రెండు అభ్యంతరాలు

పిల్లలందరూ బతికితే జనాభా పెరిగిపోదా అని కొందరు మర్యాదగా అడుగుతారు. ప్రశ్న ఎంత మర్యాదగా ఉన్నా, దానిలోపల ఉన్నది పేదబిడ్డ పోతే పోనీ అన్న ఆలోచనే. వాస్తవం కూడా దానికి ఎదురుగానే ఉంది. పిల్లల మరణాలు తగ్గిన కాలంలోనే బంగ్లాదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటు కాన్పులు ఆరు దాటిన స్థితి నుంచి సుమారు రెండుకు దిగాయి. దీనికీ కారణాలు అనేకం. అయినా, పుట్టినవారు బతుకుతారన్న ధైర్యం లేకుండా ఏ తల్లిదండ్రులు ఇద్దరితో ఆగుతారు?

రెండో అభ్యంతరం, అన్నీ ఉప్పు బెల్లమంత చవక కావు కదా అన్నది. ఇందులో నిజం ఉంది. నెలలోపు పోయే పిల్లలకు కావలసింది శుభ్రమైన కాన్పు, వెచ్చదనం, తల్లిపాలు, వేళకు మందులు, కొందరికి ఆస్పత్రి, ఆక్సిజన్. వీటికి ఖర్చవుతుంది. అయితే ఇక్కడ కూడా చేతకాదన్న మాటను నమ్మే ముందు ప్రాణహిత అవతలి ఒడ్డున ఉన్న గడ్చిరోలిని చూడాలి. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1990ల్లో ఊరి స్త్రీలకు శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంటి దగ్గరే చూసుకునే పద్ధతి నడిపారు. ఆ ఊళ్లలో నెలలోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో ప్రచురించారు. నేడు ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్లకు వెళ్లి బిడ్డను చూసే పథకానికి ఆ అనుభవమే దారి చూపింది.

తల్లి విశ్రాంతి మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1928లో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు చర్చకు వచ్చినప్పుడు అంబేడ్కర్ దాన్ని సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వం మోయాలని, ఆమె శ్రమతో లాభపడే యజమానీ కొంత మోయాలని వాదించారు. తన అయిదుగురు పిల్లల్లో నలుగురిని పసితనంలోనే పోగొట్టుకున్న తండ్రి ఆయన. చివరి కొడుకు రాజరత్న పోయింది 1926లో. ఆ దుఃఖాన్ని రాతకు వదిలేయడానికి ఆయనకు ఎవరికన్నా ఎక్కువ కారణం ఉంది. ఆయన మాత్రం శాసనసభలో నిలబడి ఖర్చు ఎవరు భరించాలన్న లెక్క మాట్లాడారు.

బాధ్యత వరుస

మేము చెప్పదలచింది ఇంతే. బిడ్డ ప్రాణం విషయంలో బాధ్యత, తెలివినీ శక్తినీ బట్టి పైనుంచి కిందికి రావాలి. ఉపాయం తెలిసినవారు మొదట, డబ్బూ అధికారమూ ఉన్నవారు వారితో సమానంగా, ఆ తర్వాత ఊరు, ఆ తర్వాత కుటుంబం, అందరికన్నా చివర తల్లి. మన సమాజం ఈ వరుసను తలకిందులుగా నడుపుతోంది. కింది మెట్టు మీద తల్లి లేకపోతే అంగన్‌వాడీ టీచరో, చాలీచాలని పారితోషికంతో తిరిగే ఆశా కార్యకర్తో దొరుకుతుంది. లెక్క అక్కడితో ఆపేస్తారు.

ద్రావణం కనుగొన్న ప్రాంతంలో మన దేశమూ భాగమే. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది నూటికి సుమారు 60 మందికే. ప్యాకెట్ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. దానితోపాటు 10 నుంచి 14 రోజులు ఇవ్వవలసిన జింక్ బిళ్లలూ ఉచితమే. తల్లిపాలు ఆపకుండా ఇవి ఇస్తే చాలావరకు బిడ్డ కోలుకుంటుంది. మిగిలిన 40 మంది ఇళ్లు మన ఊళ్లలోనే, మన వాడల్లోనే ఉన్నాయి.

కాబట్టి మన విహారాల్లో, సంఘాల్లో కరుణ గురించి మాట్లాడుకునే రోజున కొన్ని మామూలు ప్రశ్నలు కూడా అడుగుదాం. ఈ వాడలో ఈ ఏడాది పుట్టిన పిల్లలు ఎందరు? ఎందరికి ముర్రుపాలు పట్టారు? కొళాయి నీరు మురికి కాలువ పక్క నుంచి వస్తోందా? ఆశా కార్యకర్త సంచిలో ప్యాకెట్లు ఉన్నాయా, లేకపోతే పై అధికారిని అడిగేది ఎవరు? గత ఏడాది పోయిన బిడ్డ ఎందుకు పోయిందో ఎవరైనా రాసి పెట్టారా? జవాబులు తెలియకపోతే తెలుసుకునే బాధ్యత మనదే. తెలిశాక దాన్ని పక్కింటికి చేర్చే బాధ్యతా మనదే. పక్కింటి తల్లి అది మరిచిపోతే, మళ్లీ వెళ్లి చెప్పవలసింది కూడా మనమే.